ముప్పై ఒకటో ప్రశ్న

జూన్ 2, సోమవారం

డెబ్బై నాలుగు. పాసు మార్కు డెబ్బై అయిదు.

అదే రోజు, సాయంత్రం

పొద్దున ఆ రెండు ముక్కలు రాసి మూసేశాను. ఇప్పుడు కాస్త కుదురుగా రాస్తాను.

పైలట్ లైసెన్సుకు ఉన్న ఏడు పేపర్లలో ఆరు ఎప్పుడో గట్టెక్కించి, ఏడోది, దారీ దిశా గాలీ లెక్కగట్టే నావిగేషన్, దాని దగ్గర బోర్లా పడ్డాను. అదీ నాలుగోసారి. ఒకే పేపరు నాలుగుసార్లు తప్పితే మిగతా ఆరూ రద్దు. మళ్లీ మొదటి పేపరు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. ఈ నియమం రాసినవాడికి పిల్లాపాపా ఉన్నారో లేదో తెలీదు కానీ, ఉంటే వాళ్లు చాలా క్రమశిక్షణగా పెరుగుతూ ఉంటారు.

ఇదే పేపర్లో చెల్లికి డెబ్బై అయిదు. మొదటిసారే. ఏడు పేపర్లూ ఒకే ఊపులో లాగేసింది. సంతోషమే. నావిగేషన్ దానికి ఓనమాల నుంచి నేర్పింది నేను. సంతోషం కాక ఇంకేముంటుంది? జులై ఒకటిన సరుకు విమానాల కంపెనీలో ట్రైనీగా చేరుతుంది. పాసైన కాగితం చూపిస్తే చాలు.

వంటింటి బల్ల మీద రెండు ఫలితాల కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఏయే అంశాల్లో మార్కులు పోయాయో కింద అచ్చు వేస్తారు. నా కాగితం చదివి పకపకా నవ్వింది.

"అక్కా, క్రాస్‌విండ్ లెక్క పోయిందా నీకు? నువ్వే కదే నాకు నేర్పింది! నాకు చూడు, అది రైటే" అని, వెంటనే నాలుక కరుచుకుంది. "సారీ అక్కా. నవ్వాల్సింది కాదు."

"నవ్వుకో. ఏడుపు నా వంతు ఎలాగూ ఉంది" అన్నాను.

అమ్మ కుట్టుమిషన్ ఆపకుండానే అంది: "ఒక్క మార్కే కదే. మళ్లీ లెక్కపెట్టమని అడుగు. కొట్టువాడే ఒక్కోసారి తప్పు కూడతాడు, వాళ్లేమైనా ఆకాశం నుంచి దిగొచ్చారా?"

అడుగుతాను.

జూన్ 3

ఏడవలేదు. నేను పనిచేసే ఫ్లయింగ్ క్లబ్బులో ఫోన్లు ఎత్తాను, బుకింగులు రాశాను, విమానం కడిగేవాళ్ల మీద అరిచాను. మామూలుగానే గడిచింది.

జూన్ 6, శుక్రవారం

పరీక్షల ఆఫీసుకు వెళ్లాను. మన జవాబులు మనమే చూసుకోవచ్చు, పెన్ను మాత్రం లోపలికి తీసుకుపోకూడదు. పెన్ను, ఫోను, బ్యాగు అన్నీ కిటికీ దగ్గరున్న ఆయన తీసుకుని టోకెను ఇచ్చాడు. సినిమా హాల్లో టిక్కెట్లు ఇచ్చేంత చిన్న కిటికీ. మెడ ముందుకు చాచి మాట్లాడీ మాట్లాడీ ఆయనకు మెడ అలాగే ఉండిపోయింది. కిటికీ ఆయన అని పేరు పెట్టాను.

గదిలో ఒక పొడుగాటి బల్ల, నాలుగు కుర్చీలు. కాపలాగా ఒకావిడ కూర్చుని నా చేతుల్ని చూస్తోంది, పేపరు నమిలి మింగేస్తానేమోనని. వరసగా చూసుకుంటూ పోయాను. తప్పులన్నీ తప్పులే. సిగ్గుపడాల్సినవి కొన్ని. ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.

రన్‌వే దిశ 270. ఎయిర్‌పోర్టు టవర్ రేడియోలో చెప్పిన గాలి 300 డిగ్రీల నుంచి, ఇరవై నాట్ల వేగం. మ్యాపులో ఉత్తరానికీ కంపాస్ ముల్లు చూపించే ఉత్తరానికీ అక్కడ పది డిగ్రీలు తేడా. పక్క నుంచి కొట్టే గాలి, అంటే క్రాస్‌విండ్, ఎంత?

నేను పది పెట్టాను. వాళ్ల జవాబుల కీ పదమూడు అంటోంది.

పదే. ఎందుకు కాదు? మా క్లబ్బులో మొదటి వారమే బట్టీ పట్టిస్తారు: చదివిన గాలి మ్యాపుది, విన్న గాలి ముల్లుది. కాగితం మీద వచ్చే వాతావరణం మ్యాపు ఉత్తరం నుంచి కొలుస్తారు. దానికైతే ఆ పది డిగ్రీలూ సవరించుకోవాలి. టవర్ నోటితో చెప్పే గాలి ముల్లు ఉత్తరం నుంచే ఉంటుంది, రన్‌వే దిశా ముల్లు నుంచే ఉంటుంది. రెండూ ఒకే కొలత. సవరించేదేమీ లేదు. తేడా ముప్పై డిగ్రీలు. ముప్పైకి గాలి వేగంలో సగం పక్క నుంచి కొడుతుంది: ఇరవైలో సగం, పది. ఆ పది డిగ్రీల తేడా మనల్ని బోల్తా కొట్టించడానికి పెట్టిన ఎర. ఎర పెట్టినవాడే దాన్ని మింగేసి ముప్పైని నలభై చేశాడు.

మళ్లీ లెక్కవేశాను, వేలితో బల్ల మీద రాసి. కాపలా ఆవిడ దగ్గింది. పదే.

ఒక్క మార్కు. నా ఒక్క మార్కు అక్కడ కూర్చుని ఉంది.

పరీక్ష రోజు బస్సులో నేనూ చెల్లీ ఈ ప్రశ్న గురించి మాట్లాడుకున్నాం. అదిక్కడ రాయక్కర్లేదు.

జూన్ 9, సోమవారం

అనుకున్నంత తేలిక కాదు. కిటికీ ఆయన రెండు దారులు చెప్పాడు.

"మార్కులు మళ్లీ కూడమంటే ఒక దరఖాస్తమ్మా, అది మీ పేపరు ఒక్కటే చూస్తారు. కీ తప్పంటే అది వేరే. బోర్డు కూర్చోవాలి. బోర్డు ఒప్పుకుంటే ఆ రోజు రాసినవాళ్లందరివీ మళ్లీ దిద్దుతారు."

"అందరివీనా?"

"అందరివీ. పెరిగేవాళ్లకి పెరుగుతాయి, తగ్గేవాళ్లకి తగ్గుతాయి. మీ ఒక్కరికే కలిపి పంపిస్తే ఊరుకుంటారా మిగతావాళ్లు?" అని మెడ ఇంకాస్త చాచాడు. "అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ సంతకం కావాలి. బోర్డు ఇరవై నాలుగున కూర్చుంటుంది. ఇరవై మూడు సాయంత్రం దాకా వెనక్కి తీసుకోవచ్చు. అప్పటిదాకా మీ ఆరు పేపర్లూ రద్దు చెయ్యం."

అక్కడి నుంచి తిన్నగా క్లబ్బుకు వెళ్లి మా ఇన్‌స్ట్రక్టర్‌ను పట్టుకున్నాను. ఆయన్ని అందరం మెల్లగా సార్ అంటాం, ఎదురుగా కాదు. విమానం దిగుతున్నప్పుడు "మెల్లగా, మెల్లగా" అని ఆయన అనని రోజు లేదు. ప్రశ్న చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"పదే. కీ తప్పు. సిగ్గుచేటు" అన్నాడు. పెన్ను తీశాడు. సంతకం పెట్టబోయి ఆగాడు. "మీ చెల్లెలు ఇదెంత పెట్టింది?"

"తెలీదు సార్."

సంతకం పెట్టాడు.

దరఖాస్తు ఇచ్చేశాను. రెండు పేరాల్లో శుభ్రంగా రాశాను, బొమ్మ కూడా గీసి. న్యాయం న్యాయమే. అందరికీ ఒకటే.

జూన్ 10

పరీక్ష రోజు హాల్లో వందమందికి పైగా ఉన్నారు. పదమూడు పెట్టినవాళ్లు ఎవరెవరో నాకెలా తెలుస్తుంది?

జూన్ 13, శుక్రవారం

అమ్మ చెల్లికి తెల్లచొక్కా కుడుతోంది. అమ్మ చేసేది స్కూలు పిల్లల యూనిఫారాలు. భుజాల మీద పట్టీలు ఉండే చొక్కా కుట్టడం ఇదే మొదటిసారి. అందుకని చెల్లిని ఇవాళ మూడుసార్లు నిలబెట్టి కొలిచింది. మూడోసారికి చెల్లి, "అమ్మా, కొలతలు తీసేలోపు నేను రిటైరైపోతాను" అంది.

అమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని, "పెద్దదానికీ కొలతలు తీసుకుంటానే. దానికీ త్వరలో కావాలిగా" అంది.

"నాకిప్పుడేం వద్దు" అన్నాను. అవసరమైనదానికంటే గట్టిగా అన్నాను.

చెల్లి అద్దంలోంచి నావైపు చూసింది. "నీ దరఖాస్తు ఏమైందక్కా?"

"మార్కులు మళ్లీ కూడమన్నాను. చూస్తారట."

అబద్ధం కాదు. చూస్తారన్నది నిజమే.

"వస్తుందిలే" అని వెనక్కి తిరిగి, గుండుసూదులు గుచ్చుకుంటున్నా లెక్కచెయ్యకుండా నన్ను వాటేసుకుంది. "నువ్వు లేకపోతే నేను పాసయ్యేదాన్నే కాదు. అందరికీ అదే చెప్తున్నా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తలనొప్పిగా ఉందని చెప్పి గదిలోకి వచ్చేశాను. అది మామూలుగా అన్న మాటే. ప్రతి మాటకూ ఉలిక్కిపడితే బతకలేను.

జూన్ 16, సోమవారం

సరే. రాస్తాను. ఎవరు చదువుతారు గనక?

బస్సులో అది, "ముప్పై ఒకటి పదమూడే కదక్కా?" అని అడిగింది. అంటే పదమూడు పెట్టింది. నాకా రోజు నుంచీ తెలుసు.

దానికి డెబ్బై అయిదు. ఒకటి తీసేస్తే డెబ్బై నాలుగు. ఇది లెక్కవేయడానికి నావిగేషన్ చదవక్కర్లేదు.

కానీ దానికిది మొదటిసారి. తప్పితే రెండు నెలల్లో మళ్లీ రాసుకుంటుంది. చురుకైంది, రాసేస్తుంది. నాకైతే ఆరు పేపర్లూ పోతాయి. ముప్పై దాటాక అదంతా మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. ఉందని ఎవరైనా అంటే వాళ్లని వచ్చి రాయమనండి. పైగా తప్పు నాది కాదు, దానిది కాదు, కీది. నేను చేసిందల్లా తప్పును తప్పనడమే.

ఇలా తూచితే తక్కెడ నావైపే మొగ్గుతోంది. తూచేదాన్ని నేనే కాబట్టి ఎటైనా మొగ్గుతుంది.

కంపెనీవాళ్లు రెండు నెలలు ఆగరా? ఆగుతారేమో. అడిగితే తెలుస్తుంది. అడగాలంటే దానికి చెప్పాలి.

జూన్ 18

చెప్పలేదు.

జూన్ 20, శుక్రవారం

 

చెల్లి ఉద్యోగంలో చేరేలోపు చెయ్యి మొద్దుబారకూడదని రోజు విడిచి రోజు ఒంటరిగా ఎగురుతోంది. ఇవాళ మధ్యాహ్నం నేను డెస్కు దగ్గర ఉన్నాను. ఎదురుగా రెండు రేడియోలు. ఒకదాంట్లో టవర్ మాటలు వింటాం, రెండోది క్లబ్బు చానెల్, మా విమానాలతో మేము మాట్లాడుకోవడానికి. చెల్లి బయల్దేరినప్పుడు గాలి లేక జెండా గుడ్డ వేలాడుతోంది. తిరిగొచ్చేసరికి గాలి లేచింది. కిటికీ తలుపులు కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

టవర్ ఆయన గాలి చెప్పాడు: 230 నుంచి, ఇరవై నాట్లు. మా రన్‌వే కూడా 270.

పక్కగాలి పదమూడు. ఇంకా లైసెన్సు చేతికి రానివాళ్లు పన్నెండు దాటితే దిగకూడదు, అది క్లబ్బు నియమం. పైన తిరుగుతూ గాలి తగ్గేదాకా ఆగాలి. ఇప్పుడు ఆగుతానంటుంది, అనుకున్నాను.

"దిగుతున్నాను" అంది చెల్లి. గొంతు హాయిగా ఉంది.

ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అది 230కి పది కలిపింది. 240 చేసుకుంది. తేడా నలభై కాదు, ముప్పై అనుకుంది. పక్కగాలి పది అనుకుంటోంది. పరీక్షలో చేసిన తప్పే మళ్లీ చేస్తోంది. పరీక్షలో గాలి కుడి నుంచి వచ్చింది కాబట్టి ఆ తప్పు గాలిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించింది. ఇవాళ ఎడమ నుంచి వస్తోంది. తక్కువ చేసి చూపిస్తోంది.

మైకు చేతిలోకి తీసుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. పదమూడు. ఆ అంకె నోట్లోంచి బయటికి రావడానికి ఎందుకంత సేపు పట్టిందో నేను ఇక్కడ రాయను. రెండు శ్వాసలంత సేపు. అంతే. కానీ అంత సేపు పట్టింది.

అప్పటికే విమానం రన్‌వే మీదికి వచ్చేసింది. గాలి దాన్ని పక్కకు నెడుతోంది, ముక్కు వంకరగా ఉంది, ఎడమ రెక్క లేచింది. కుడి చక్రం ఒక్కటే నేలకు తగిలి, మొత్తం విమానం ఎగిరిపడింది. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలీదు. ఇంజను గట్టిగా అరిచింది. చెల్లి విమానాన్ని మళ్లీ పైకి లేపేసింది. నేర్పినట్టే చేసింది.

"పైనే ఉండు. గాలి పదమూడు. నీ హద్దు దాటింది" అన్నాను మైకులో.

"నాకు పదే వస్తోందక్కా" అంది. గొంతులో ఇప్పుడు హాయి లేదు.

"పదమూడు. నా మాట విను. తగ్గాక నేను చెప్తాను."

"సరే."

ఒక్క మాట తిరిగి అడగలేదు. నేను పదమూడంటే పదమూడే. గాలి తగ్గేదాకా తిరిగి తిరిగి, నేను రమ్మన్నాక వచ్చి దిగింది. మెల్లగా సార్ బయటికి పరిగెత్తి విమానం చుట్టూ తిరిగి చక్రం చూశాడు. విమానానికి ఏం కాలేదు.

అది లోపలికి వచ్చి నీళ్లు తాగింది. గ్లాసు పళ్లకు తగిలి చప్పుడవుతోంది.

"లెక్క సరిగ్గానే వేశానక్కా. పరీక్షలో కూడా ఇలాగే వేశా. రైటిచ్చారు కదా."

అప్పుడు చెప్పాను. కాగితం తీసి గీతలు గీసి చెప్పాను. చదివిన గాలి, విన్న గాలి. నిమిషం కూడా పట్టలేదు దానికి అర్థం కావడానికి. చురుకైందని రాశాను కదా. కాగితం వంక చూస్తూ ఉండిపోయింది.

"అయితే ముప్పై ఒకటి నాది తప్పు."

"ఊఁ."

"నీది రైటు. కీ తప్పు." కాగితం నావైపు తోసి, "నీకు డెబ్బై అయిదు. నాకు డెబ్బై నాలుగు" అంది.

నేను ఆ కాగితం మడతపెట్టాను.

"మార్కులు కూడమన్నానన్నావు. కూడమన్లేదు కదూ? కీ మీద పెట్టావు."

"పెట్టాను."

"ఎప్పుడు?"

"తొమ్మిదిన."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. "పెడితే పెట్టావు. నీది రైటు, పెట్టుకోవాల్సిందే. నేనైనా పెట్టేదాన్ని" అంది. "బస్సులో నిన్ను అడిగాను. పదమూడే కదా అని అడిగాను. 'అదే అయ్యుంటుందిలే' అన్నావు నువ్వు. నీకు అప్పుడే తెలుసు."

ఆ రోజు దాని మనసు పాడుచెయ్యడం ఎందుకని అలా అన్నాను. ఇది నిజం. ఫలితాలు వచ్చాక కూడా ఎందుకు చెప్పలేదన్నదానికి ఆ నిజం సరిపోదు. కీ తప్పని బోర్డుకు బొమ్మ గీసి మరీ చెప్పాను. ఒకే గదిలో పక్క మంచం మీద పడుకునే చెల్లికి చెప్పలేదు. చెబితే అది అడ్డుపడుతుందేమోనని భయపడ్డాను. ఆ తప్పు లెక్కతోనే అది పైకి వెళ్తోందని నాకు తట్టలేదు.

తట్టలేదా? తట్టలేదు. తట్టలేదనే అనుకుంటున్నాను.

జూన్ 21

మాట్లాడలేదు. అమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమైందే మీ ఇద్దరికీ?" అంది. ఇద్దరం ఒకేసారి "ఏం లేదు" అన్నాం.

జూన్ 22, ఆదివారం

వంటింట్లో అది గిన్నెలు కడుగుతుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"రేపు సాయంత్రం దాకా టైముంది. వెనక్కి తీసేసుకుంటాను" అన్నాను.

"నా కోసమా?"

"నీ కోసమే."

గిన్నె కింద పెట్టి చేతులు తుడుచుకుంది. "తీసుకుంటే తీసుకో. ఉంచితే ఉంచు. నా పేరు చెప్పి మాత్రం ఏదీ చెయ్యకు. తర్వాత జీవితాంతం నా కోసం మానుకున్నానని మొహంలో పెట్టుకు తిరుగుతావు. అది చూస్తూ బతకడం నా వల్ల కాదు."

గిన్నెలు నేను తుడుస్తానంటే వద్దంది.

జూన్ 23, సోమవారం

కిటికీ దగ్గర నిలబడ్డాను. వెనక్కి తీసుకునే కాగితం నింపాను, సంతకం దగ్గర ఆగాను.

కీ తప్పు. వెనక్కి తీసుకుంటే, ఆ హాల్లో పదమూడు పెట్టి మార్కు తెచ్చుకున్నవాళ్లందరూ మా చెల్లిలాగే నమ్మకంగా పది కలుపుకుంటూ దిగుతారు. మొన్న ఆ ఒక్క చక్రం తగిలిన చప్పుడు నా చెవిలోంచి పోవడం లేదు. కాబట్టి ఉంచాలి. ఉంచితే నేను పాసవుతాను. రెండూ ఒకే దారిలో వెళ్తున్నాయి. నన్ను లాగుతున్నది ఏదో తెలుసుకుందామని చాలాసేపు నిలబడ్డాను. తెలియలేదు.

"అమ్మా, వెనకాల జనం ఉన్నారు" అన్నాడు కిటికీ ఆయన.

కాగితం చింపేసి వచ్చాను. చెల్లి కోసం కాదు, జనం కోసం అని కూడా చెప్పుకోను. పాసవ్వాలని ఉంది. అదీ ఉంది.

క్లబ్బుకు వెళ్లి మెల్లగా సార్‌కు చెప్పాను, ఆ రోజు తెలీదన్నది అబద్ధమని. ఆయన విమానాల పట్టిక మీద నుంచి తల ఎత్తలేదు.

"కీ తప్పే. నా సంతకం అలాగే ఉంటుంది" అన్నాడు. తర్వాత పెన్ను కింద పెట్టాడు. "కానీ విమానంలో ఎవరైనా తెలీదు అంటే వాళ్లకి నిజంగా తెలీకూడదమ్మాయ్. అది నమ్మే పక్కవాడు ప్రాణం పెడతాడు. శనివారాలు కొత్తపిల్లలకి నావిగేషన్ నువ్వు చెప్తున్నావు కదా? ఇక నేను చెప్తాలే."

"సరే సార్" అన్నాను. 

జూన్ 27, శుక్రవారం

బోర్డు ఒప్పుకుంది.

నాకు డెబ్బై అయిదు. చెల్లికి డెబ్బై నాలుగు.

ఆనందం కోసం లోపల వెతికాను. ఉంది. చాలా చిన్నగా, తలుపు వెనక దాక్కున్నట్టు ఉంది. దాన్ని బయటికి పిలవలేదు.

అమ్మకు అంతా చెప్పాల్సి వచ్చింది. చెల్లే చెప్పింది, పూసగుచ్చినట్టు, బస్సు మాట ఒక్కటి తప్ప. నేను కూర్చుని విన్నాను. అది ఆ మాట దాటేసి ముందుకు వెళ్లినప్పుడు దాని మొహంలోకి చూడలేకపోయాను.

"ఒకరికి వస్తే ఒకరికి పోవాలా? ఇదేం పరీక్షే?" అంది అమ్మ.  అమ్మ తెల్లచొక్కా హేంగరుకు తగిలించి బీరువాలో పెట్టింది. నాకు కొలతలు తీసుకుంటానని మళ్లీ అనలేదు.

జులై 1, మంగళవారం

దాని ఉద్యోగం మొదలవ్వాల్సిన రోజు. కంపెనీకి ఫోన్ చేసింది. తర్వాతి బ్యాచికి చూస్తామన్నారట. "చూస్తామంటే చూస్తారులే" అని నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగిపోయింది. బాత్రూములోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

నేను తలుపు బయట నిలబడ్డాను. "నన్ను క్షమించవే" అన్నాను. నీళ్ల చప్పుడుకు వినిపించిందో లేదో తెలీదు. కావాలనే ఆ చప్పుడులో అన్నానేమో కూడా తెలీదు. కుళాయి ఆగాక మళ్లీ అన్నాను, ఈసారి వినపడేలా.

"విన్నాను" అంది లోపల్నుంచి. "మొదటిసారే విన్నాను."

జులై 5

నా లైసెన్సు కాగితాలు పంపించాను. మెల్లగా సార్ సంతకం పెట్టాల్సినచోట్లన్నీ పెట్టాడు. చేయి కలిపాడు.

జులై 11, శుక్రవారం

చెల్లి పుస్తకాలు మళ్లీ కిందికి దించింది. ఆగస్టులో పరీక్ష. వారం నుంచి ఒక్కతే చదువుకుంటోంది. అడిగితే చెబుదామని నేనూ ఏదో ఒక పని పెట్టుకుని అదే బల్ల దగ్గర తచ్చాడుతున్నాను. ఇంట్లో గిన్నెలన్నీ ఈ వారంలో తళతళలాడుతున్నాయి.

ఇవాళ అడిగింది. తల ఎత్తకుండానే, చాలా మామూలుగా, "అక్కా, ఎత్తు పెరిగేకొద్దీ మీటర్లో కనపడే వేగం కంటే అసలు వేగం ఎక్కువా, తక్కువా?" అంది.

 గరిట అలాగే పట్టుకుని వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. "ఎక్కువ" అన్నాను. ఎందుకో చెప్పాను, పైన గాలి పలచబడుతుందని, మీటరు అందువల్ల ఎలా పొరబడుతుందో. ఎన్నడూ చెప్పనంత శ్రద్ధగా చెప్పాను. రెండు ఉదాహరణలిచ్చాను. లెక్క వేసి చూపించాను. అది ఊఁ కొడుతూ అంతా వింది. మధ్యలో ఒకసారి, "అబ్బా, అదా!" అని కూడా అంది. ఆరేళ్ల వయసులో కూడికలు చెప్పించుకున్నప్పుడు అనేది చూడు, అచ్చం అలాగే.

"థాంక్సక్కా" అంది.

లేచి గరిట తీసుకుని స్టవ్ దగ్గరికి వచ్చాను. వెనక పేజీలు తిప్పుతున్న చప్పుడైంది. తిరిగి చూశాను. అది పుస్తకంలో ఆ పాఠం తెరిచి, నేను చెప్పిన ప్రతి మాటా వేలు పెట్టి సరిచూసుకుంటోంది.